పాస్ మార్కు రెండు

చూళై అంటే ఇటుక బట్టీ అట.
మద్రాసుకంతా ఇటుకలు కాల్చి పంపిన పేట
తన సందులకు మాత్రం వెడల్పు మిగుల్చుకోలేదు.
పొద్దున ఏడున్నరకు దిగాను అందులోకి,
మెడలో కార్డు, అట్టకు బిగించిన ఫారం,
చెవి వెనక పెన్సిలు.

నలభై ఒకటి బై రెండు.
కింద బళ్ళు, ఓ మూల జెరాక్సు కొట్టు,
పైన మూడు అంతస్తులు,
ముక్కాలి పీట మీద బియ్యం మూట.

ప్రతి ఇంటికీ ముందు మూడు మార్కులు ఇచ్చేస్తాం.
ఆపైన అంతా కోతే.
కింద గోడల్లేవు, ఒకటి పోయింది.
వీధి మీదికి తోసుకొచ్చిన బాల్కనీకి అర.
పక్కింటికీ దీనికీ నడుమ బొటనవేలు దూరదు,
నేల ఊగిన రోజు
రెండూ తలలు కొట్టుకుంటాయి;
దానికి పాయింట్ నాలుగు.

వెనకే తిరుగుతున్నాడు గజపతి, ఆరో తరగతి.
"మా ఇంటికి ఎంతొచ్చిందక్కా?"
"ఒకటి పాయింట్ ఒకటి."
"పాస్ మార్కెంత?"
"రెండు."
వేళ్ళ మీద ఏదో చూసుకుని
"లెక్కల్లో నాకే నయం" అన్నాడు,
ఓదార్చినట్టు,
నన్నో, ఇంటినో.

ఓనరు ఏకాంబర నాయుడు
నోట్లో బ్రష్షుతోనే మెట్లు దిగాడు.
"పెన్సిలే కదమ్మా,
ఇంకొక్కటి వేస్తే ఎవరి సొమ్ము పోయింది?"
నురగ ఉమ్మి వచ్చి
మళ్ళీ అదే అడిగాడు.

నా సంచిలో సుత్తి ఒకటుంది.
సుత్తి అంటాం గానీ, స్ప్రింగున్న గొట్టం.
స్తంభానికి ఆనించి నొక్కితే
లోపలి గుండు వెనక్కి తుళ్ళి అంకె చెబుతుంది.
ముప్పై నాలుగు. ముప్పై మూడు. ముప్పై ఐదు.
కొట్టు పక్క స్తంభం దగ్గర
పందొమ్మిది.

ఇంకోసారి నొక్కబోతుంటే
వాడి నాయనమ్మ తాయారమ్మ వచ్చి
సంతలో కుండ కొనేదానిలా
కణుపులతో రెండుసార్లు తట్టింది.
"బోలు. నేనెప్పుడో చెప్తిని.
షట్టరు పట్టలేదని ఆ జెరాక్సువాడు చెక్కేసి
సిమెంటు పూసి పసుపు రంగు కొట్టినాడు.
ఎవురు వింటారు?"

పరికరం ఖరీదు ఆమెకు చెప్పలేదు.

"సునామీ నాడు పొద్దున
కరెంటు లేకనే ఫ్యాను ఊగె.
తల నాకే తిరుగుతా ఉందని
బీపీ మాత్ర వేసుకుంటి."
నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ పొద్దున ఈ ఊళ్ళో ఇంకెందరు
భూమి తప్పుకు
తమ మాత్ర వేసుకున్నారో.

ఆ స్తంభానికే గజపతి ఎత్తు గీతలున్నాయి,
ఒకటో తరగతి నుంచీ, స్కెచ్ పెన్నుతో.
నాలుగుకీ ఐదుకీ మధ్య
వాళ్ళెవరూ గీయని గీత ఒకటి,
ఏటవాలుగా.

దాని మీద అడ్డంగా గాజు పలక పెట్టి
రెండు చివర్లా ప్లాస్టరు అద్ది, తేదీ వేశాను.
"బీట కదిలితే ఇది పగులుతుంది.
రోజూ చూసి నాకు ఫోన్ చెయ్యి" అన్నాను.
ఆ నౌకరీ వాడికి
స్కూల్లో లీడరు పదవికన్నా పెద్దదైంది.

ఫారంలో ఒకటి పాయింట్ ఒకటి అలాగే ఉంచి
కింద "నిపుణులు వివరంగా పరీక్షించాలి" అని రాశాను.
నిపుణులు ఎప్పుడొస్తారో నాకు తెలీదు.
భూకంపం ఎప్పుడొస్తుందో అంతకన్నా తెలీదు.
తెలిసింది ఒక్కటే, పందొమ్మిది.

పదమూడు రోజులుగా
రాత్రి ఎనిమిదికి ఫోన్ మోగుతుంది.
"పగల్లేదక్కా."
అంతే, పెట్టేస్తాడు.
నా అన్నం అప్పుడు గొంతు దిగుతుంది.

ఈ రాత్రి మాత్రం కాసేపు ఆగాడు.
"పగల్లేదక్కా. కానీ
మేడ మీద ఇంకో నీళ్ళ ట్యాంకు ఎక్కించారు, నల్లది,
రెండు వేల లీటర్లది.
దానికి ఎన్ని మార్కులు పోతాయి?"

ఎంగిలి చేత్తోనే
పెన్సిలు వెతుక్కుంటున్నాను.